ట్రైలర్‌లో తెలుగు అక్షరం: కార్డులు, టైటిల్, పేర్లు వేసే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో చిన్న సినిమాలు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లకు ఇప్పుడు కెమెరా దొరకడం కష్టం కాదు. మంచి నటులూ దొరుకుతున్నారు, ఎడిటింగ్ ఇంట్లోనే అవుతోంది. అయినా ట్రైలర్ చూసిన ఐదో సెకనుకే ఇది చేయి తిరిగిన పనో కాదో తెలిసిపోతుంది. చాలాసార్లు దాన్ని పట్టిచ్చేది అక్షరాలే. వత్తులు విడిపోయిన టైటిల్, చదివేలోపు మాయమయ్యే కార్డు (షాట్ల మధ్య తెర మీద వేసే రాత), చివర్లో చీమల బారులా పేర్లు. డబ్బుతో పని లేకుండా సరిచేసుకోగలిగినవే ఇవన్నీ.

ఇందులో మా వాదన ఒకటే. ఇంగ్లిష్ ట్రైలర్ల కొలతలు తెచ్చి తెలుగు అక్షరానికి తొడిగితే అతకవు. తెలుగు వాక్యం నడక వేరు, తెలుగు అక్షరం కూర్చునే తీరు వేరు. కార్డు ఎంతసేపుండాలి, ఎక్కడ విరగాలి, ఎంత ఎత్తుండాలి అన్నవి వాటిని బట్టే తేల్చుకోవాలి.

ఉదాహరణ కోసం ఒక ఊహా సినిమాను పెట్టుకుందాం. పేరు ‘డిండి కట్ట’. దేవరకొండ వైపు ఊరు, బొంబాయికి వలసపోయి తిరిగొచ్చిన మనిషి, ముంపు భూమి గొడవ. ట్రైలర్ నిడివి సుమారు 1 నిమిషం 50 సెకన్లు.

1. షూటింగ్‌లోనే అక్షరాలకు చోటు తీసిపెట్టుకోండి

ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నాక కార్డుల గురించి ఆలోచిస్తే, అక్షరాలు వేయడానికి నల్ల తెర తప్ప ఏమీ మిగలదు. నల్ల తెర తప్పు కాదు. ఆరు కార్డులూ దాని మీదే వస్తే మాత్రం ట్రైలర్ ఆగి ఆగి నడిచినట్టుంటుంది.

షూటింగ్ జరిగే ప్రతి చోటా ఒకటి రెండు ఖాళీ షాట్లు తీసుకోండి. ట్రైపాడ్ మీద, కదలకుండా, 10 సెకన్లు చాలు. ఫ్రేములో మూడింట రెండొంతులు ఆకాశమో నీళ్లో ఉండాలి. డిండి నీళ్లు, జూరాల దగ్గర కృష్ణ, నల్లమల కొండల మీద తెల్లవారుజాము మబ్బు ఇందుకు బాగా పనికొస్తాయి. భువనగిరి, దేవరకొండ వైపు రాతిగుట్టలు చూడటానికి గొప్పగా ఉంటాయి గానీ వాటి మీద తెలుగు అక్షరం నిలవదు. గుండ్రటి రాళ్లు, గుండ్రటి అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తప్పనిసరై గుట్ట మీదే వేయాల్సి వస్తే షాటును కొద్దిగా బ్లర్ చేసి, అక్షరాల వెనక మెల్లగా కరిగే నల్లటి నీడ 40 నుంచి 50 శాతం వేయండి. అక్షరం చుట్టూ గీత గీయడం కన్నా ఇది చాలా నయం.

2. ఏయే అక్షరాలు కావాలో జాబితా రాసుకోండి

చిన్న సినిమా ట్రైలర్‌కు సాధారణంగా కావలసినవి: బ్యానర్ లోగో, సమర్పణ లేదా నిర్మాణ కార్డు, కథ చెప్పే మూడు నుంచి ఐదు కార్డులు, టైటిల్, విడుదల తేదీ లేదా ‘త్వరలో’, చివర సాంకేతిక బృందం పేర్లున్న కార్డు, ఆడియో కంపెనీ ఉంటే దాని లోగో. అంతకు మించితే ట్రైలర్ బరువెక్కుతుంది.

పెద్ద సినిమాకు దర్శకుడి పాత హిట్టు పేరు చెప్పుకునే కార్డు ఉంటుంది. తొలి సినిమా తీసేవాళ్లకు అది లేదు. ఆ ఖాళీని ‘ఒక యువ బృందం ప్రయత్నం’ లాంటి మాటతో నింపొద్దు. చూసేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ చోట కథ జరిగే ప్రాంతం పేరు వేయండి. ‘డిండి, దేవరకొండ తాలూకా’ అన్న మూడు మాటలకు ఈ ప్రాంతం వాళ్లను ఆపి చూపించే శక్తి ఉంది. ఫెస్టివల్‌లో ఎంపికై ఉంటే, దానికి గుర్తుగా ఇచ్చే ఆకుల దండ బొమ్మలన్నీ ఒకే కార్డు మీద వేయండి. ఒక్కోదానికి ఒక్కో కార్డు పెడితే కథ తెగిపోతుంది.

3. కార్డులు రాయడం

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. ‘ఒక ఊరు... ఒక మనిషి... ఒక రహస్యం...’ అనే వరస ఏ సినిమాకైనా అతుకుతుంది కాబట్టి మీ సినిమాకు పనికిరాదు. కార్డులన్నీ కలిపి చదివితే ఒకటో రెండో వాక్యాలు కావాలి. ఆ వాక్యాలు ఈ కథకు తప్ప మరో కథకు చెల్లకూడదు.

తెలుగులో క్రియ చివర వస్తుంది. ట్రైలర్‌కు ఇది వరం. వాక్యాన్ని ముక్కలు చేసి షాట్ల మధ్య వేస్తే, అసలు ఏం జరిగిందన్నది ఆఖరి కార్డు దాకా తెలియదు. ఆ ఆఖరి మాట మీదే సంగీతం దెబ్బ పడాలి. మన ఊహా సినిమాకు ఇలా రాయొచ్చు:

మొదటి కార్డు: బొంబాయి బస్సెక్కి పన్నెండేండ్లాయె
రెండో కార్డు: చెప్పకుండ పోయినోడు
మూడో కార్డు: చెప్పకుండనే
నాలుగో కార్డు: వచ్చిండు

‘వచ్చిండు’ దగ్గర మనిషి ముఖం మొదటిసారి కనిపించాలి. ఇవే మాటల్ని ‘అతను తిరిగి వచ్చాడు, పన్నెండేళ్ల తర్వాత’ అని తలకిందులు చేస్తే మొదటి కార్డుకే విషయం అయిపోయి, తర్వాతది మిగిలిపోయిన ముక్క అవుతుంది.

యాస విషయంలో ఒక నియమం. పాత్రలు ‘పోయిండు, వచ్చిండు’ అంటుంటే కార్డులూ అదే భాషలో ఉండనివ్వండి, లేదా అన్నీ పుస్తక భాషలో రాయండి. ఒక కార్డులో ‘వచ్చిండు’, తర్వాతి కార్డులో ‘వెళ్లాడు’ కలపకండి. యాసలో రాసేటప్పుడు ఉచ్చారణ మొత్తాన్ని అక్షరాల్లోకి దించాలనీ చూడొద్దు. మాటలో సహజంగా వినిపించేది కార్డు మీద చదవాల్సి వచ్చినప్పుడు అడ్డం పడుతుంది. క్రియల చివరలు, ఒకటి రెండు ఊరి మాటలు ఉంటే నేల వాసన తెలిసిపోతుంది.

ఒక్కో కార్డుకు ఒక్క పంక్తి. రెండు పంక్తులు తప్పకపోతే మాటను మధ్యలో విరవకండి, ‘లో’, ‘కు’, ‘నుంచి’ లాంటివి పై మాట నుంచి విడిపోయి కింది పంక్తిలో పడకుండా చూడండి. కార్డులో ఉన్న మాటనే అదే సమయంలో పాత్ర పలికితే రెండూ దండగ. కార్డు కనిపించేటప్పుడు సంభాషణ ఉండకూడదు. ఒకవైపు విని మరోవైపు చదవడం ఎవరికైనా కష్టమే.

4. ఎంతసేపు ఉండాలి

ఇంగ్లిష్‌లో మాటలు లెక్కపెట్టి సమయం ఇస్తారు. తెలుగులో అది కుదరదు, ఒక్క మాటలోనే పది అక్షరాలుండొచ్చు. పలికే అక్షరాలు లెక్కపెట్టండి. మేము వాడే లెక్క: సెకనుకు ఆరు అక్షరాలు, దానికి కన్ను కార్డును పట్టుకోవడానికి అర సెకను కలపాలి. ‘బొంబాయి బస్సెక్కి పన్నెండేండ్లాయె’లో 11 అక్షరాలున్నాయి. 1.8 సెకన్లకు అర కలిపితే 2.3 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన దాదాపు 56 ఫ్రేములు. ‘చెప్పకుండనే’లో ఐదు అక్షరాలు, లెక్క ప్రకారం 1.3 సెకన్లు వస్తుంది, 1.5 ఇవ్వండి. ఎంత చిన్న కార్డుకైనా 36 ఫ్రేములకు తగ్గించకండి.

ఈ సమయమంతా అక్షరం పూర్తిగా వెలిగి ఉన్న సమయం. ఫేడ్ ఇన్ (మెల్లగా వెలగడం), ఫేడ్ అవుట్ (మెల్లగా ఆరిపోవడం) దీనికి అదనం. ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. రెండు సెకన్ల కార్డుకు అటు 15, ఇటు 15 ఫ్రేముల ఫేడ్ పెడితే చదవడానికి మిగిలేది 18 ఫ్రేములు. ఫేడ్‌కు 6 నుంచి 8 ఫ్రేములు చాలు.

టైటిల్‌కు 4 సెకన్లు, తేదీకి 3, చివరి పేర్ల కార్డుకు 5 నుంచి 6. ఎడిటర్‌కు కార్డులన్నీ కంఠతా వచ్చేసి ఉంటాయి కాబట్టి అతనికి ప్రతిదీ ఎక్కువసేపు ఉన్నట్టే అనిపిస్తుంది. కాలం సరిపోయిందో లేదో చెప్పాల్సింది కథ తెలియని మనిషి.

మన 1:50 ట్రైలర్‌లో కొలత సుమారుగా ఇలా పడుతుంది. మొదటి ఐదు సెకన్లు కట్టిపడేసే షాటు, తర్వాత మూడు సెకన్లలో బ్యానర్ లోగో. 12 సెకన్ల లోగో యానిమేషన్ సినిమాలో ఉండనివ్వండి, ఫోన్‌లో చూసేవాడు అంతసేపు ఆగడు. మొదటి కార్డు 0:18 దగ్గర, రెండోది 0:36, మూడోది 0:58, నాలుగోది 1:08. చివరి రెండూ దగ్గరపడటం గమనించండి, వేగం పెరుగుతున్నట్టు తోస్తుంది. టైటిల్ 1:33కు. దాని తర్వాత ఒక చిన్న షాటో మాటో 1:37 నుంచి 1:42 దాకా. తేదీ, పేర్లు కలిపి 1:50 వరకు.

5. ఫాంటు, యూనికోడ్, వత్తుల గొడవ

జిల్లా కేంద్రాల్లో డీటీపీ సెంటర్లు చాలావరకు అను ఫాంట్ల మీద నడుస్తాయి. ఫ్లెక్సీలు, పెండ్లి పత్రికలు, కరపత్రాలు అందులోనే తయారవుతాయి. అక్షరాలు అందంగా ఉంటాయి. కానీ అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్, ఫోన్ అయినా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. అక్కడ టైపు చేసిన పేరును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అను అక్షరాలే కావాలనుకుంటే ఆ కంప్యూటర్‌లోనే కోరెల్‌డ్రాలో కన్వర్ట్ టు కర్వ్స్ చేయించి, ఎస్‌వీజీ లేదా పీడీఎఫ్‌గా తెచ్చుకోండి. అప్పుడవి బొమ్మలైపోతాయి, ఎక్కడైనా అలాగే ఉంటాయి. యూట్యూబ్ వివరణలో పెట్టే పేర్లు మాత్రం యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయాల్సిందే. లేకపోతే ఎవరు వెతికినా దొరకవు.

ఉచితంగా, వాణిజ్యానికి కూడా వాడుకోగలిగిన యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో చాలా ఉన్నాయి. కార్డులకు మందపాటి రామభద్ర, సాదాసీదా మందలి, పల్చటి నుంచి లావు దాకా ఎన్నో మందాల్లో దొరికే అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు. పాలమూరు గడ్డ మీది సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద సురవరం అనే ఫాంటు కూడా ఉంది. ట్రైలర్ మొత్తానికి ఒకే ఫాంటు కుటుంబం వాడండి. తెలుగుకు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా లేదు కాబట్టి, ఒక మాటను పైకి లేపాలంటే మందమో, సైజో, దాని చుట్టూ ఖాళీయో మారాలి.

ఫాంటు ఎంచుకున్న వెంటనే ఈ మాటలు టైపు చేసి చూడండి: స్వాతంత్ర్యం, రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, స్క్రీన్‌ప్లే. ఈ ఆరూ సరిగ్గా వస్తే మిగతావి దాదాపు అన్నీ వస్తాయి. వత్తు పక్కకు జరిగినా, పొల్లు గుర్తు బయటికి తన్నుకొచ్చినా తప్పు ఫాంటుదో సాఫ్ట్‌వేర్‌దో తేల్చుకోవాలి. అదే ఫాంటుతో బ్రౌజర్‌లో సరిగ్గా కనిపిస్తే తప్పు సాఫ్ట్‌వేర్‌దే. అడోబ్ ప్రోగ్రాముల్లో అక్షరాలు కూర్చే ఇంజిన్ మార్చుకునే ఏర్పాటు ప్రిఫరెన్సెస్‌లో ఉంటుంది. వెర్షన్‌ను బట్టి ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’ అనో, ‘వరల్డ్ రెడీ’ అనో దాని పేరు. అది ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి తెరిచి, మాటను కొత్తగా టైపు చేయండి.

‘స్క్రీన్‌ప్లే’ను ప్రత్యేకంగా చూడండి. ‘న్’ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉండాలి, దాన్ని జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది లేకపోతే ‘న’ కింద ‘ప’ వత్తుగా దిగి ‘స్క్రీన్ప్లే’ అయిపోతుంది. ఎన్నో ట్రైలర్ల చివరి కార్డులో ఈ తప్పు ఉంటోంది. పేర్లలోనూ ఇదే బాధ: రాజ్‌కుమార్, వెంకట్‌రెడ్డి.

ఏ సాఫ్ట్‌వేర్‌నూ నమ్మాల్సిన పని లేని దారి ఒకటుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తెలుగును సరిగ్గా కూరుస్తుంది. పేజీ కొలత 3840 × 2160 పెట్టుకుని ప్రతి కార్డునూ అందులో టైపు చేయండి. పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి. తర్వాత గ్రూపు విడదీసి యూనియన్ చేయండి. ఈ రెండోది మరిచిపోతే, అక్షరానికి అంచు గీత వేసినప్పుడు వత్తు, తల్లి అక్షరం కలిసే చోట లోపలి గీతలు కనిపిస్తాయి. వెనక రంగు లేని పీఎన్‌జీగా పేజీ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, డావిన్సీ రిజాల్వ్‌లోనో ప్రీమియర్‌లోనో పై ట్రాకులో పెట్టండి. అక్షరాల చుట్టూ సన్నటి అంచు కనిపిస్తే ఆ క్లిప్పు ఆల్ఫా సెట్టింగు (వెనక రంగు లేని భాగాన్ని చదివే పద్ధతి) ప్రీమల్టిప్లైడ్, స్ట్రెయిట్‌లలో ఏది ఉంటే రెండోదానికి మార్చి చూడండి.

6. టైటిల్‌ను చేత్తో రాయించండి

కార్డులకు ఫాంటు చాలు, టైటిల్‌కు చాలదు. అందరూ వాడే ఫాంటులో టైటిల్ వేస్తే పోస్టర్ పక్కన పోస్టర్ పెట్టినప్పుడు మీది గుర్తుండదు. ఇక్కడ మనకు ఒక ఆస్తి ఉంది. ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద, దుకాణాల మీద బ్రష్‌తో తెలుగు రాసిన పెయింటర్లు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, గద్వాల లాంటి ప్రతి ఊళ్లోనూ కొందరున్నారు. అక్షరం ఎక్కడ బరువుగా ఉండాలో, తలకట్టు ఎంత పైకి లేవాలో వాళ్ల చేతికి తెలుసు. వాళ్ల దగ్గరికి పోయి, సరైన కూలి ఇచ్చి రాయించండి. చివరి కార్డులో ‘టైటిల్ అక్షరాలు’ అని పేరూ వేయండి.

మందమైన తెల్ల ఏ4 కాగితం, అడ్డంగా. నల్ల ఇండియన్ ఇంకు లేదా పోస్టర్ కలర్. అక్షరం ఎత్తు 4 నుంచి 5 సెంటీమీటర్లు. ఒకే టైటిల్‌ను ఐదారుసార్లు వేర్వేరు బ్రష్‌లతో రాయమనండి. ఒకదాంట్లో ‘డిం’ బాగుంటుంది, ఇంకోదాంట్లో ‘ట్ట’ బాగుంటుంది, తర్వాత కలుపుకోవచ్చు. ఫోన్‌తో ఫొటో తీయొద్దు, అక్షరాలు వాలిపోతాయి. జిరాక్స్ సెంటర్‌లో గ్రేస్కేల్‌లో 600 డీపీఐతో స్కాన్ చేయిస్తే పొడవు వైపు 7,000 పిక్సెళ్లు దాటి వస్తాయి, 4కే తెరకు సరిపోయి మిగులుతుంది. ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ (స్కాన్ బొమ్మను గీతల ఆకారంగా మార్చడం) చేసేటప్పుడు బ్రష్ వెంట్రుకల గీతలు పూర్తిగా చెరిగిపోయేలా నునుపు చేయకండి. ఆ గరుకు కోసమే కదా చేత్తో రాయించింది.

ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా టైటిల్ కావాలంటే తెలుగు పెద్దగా, దాని కింద ఇంగ్లిష్ మూడో వంతు ఎత్తులో. రెండూ ఒకేసారి కనిపించాలి. ఒకటి కరిగి మరొకటిగా మారితే రెండింటికీ చదివే సమయం సగమైపోతుంది.

ట్రైలర్‌లో వేసేముందే టైటిల్ ఫిలిం ఛాంబర్‌లోనో నిర్మాతల మండలిలోనో రిజిస్టర్ అయి ఉందో లేదో చూసుకోండి. థియేటర్‌కు పోయే సినిమాకు ఇది తప్పించుకోలేని మెట్టు. ట్రైలర్ జనంలోకి పోయాక పేరు మార్చడమంటే ప్రచారమంతా మళ్లీ మొదలే.

7. సైజు, చోటు

ట్రైలర్ చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌ను నిలువుగానే పట్టుకుంటారు. అప్పుడు 1920 పిక్సెళ్ల వెడల్పు దాదాపు ఆరున్నర సెంటీమీటర్లలో ఇరుకుతుంది. అంటే 60 పిక్సెళ్ల అక్షరం ఎత్తు 2 మిల్లీమీటర్లు. కాబట్టి కార్డులో వత్తు లేకుండా అక్షరం ఒక్కదాని ఎత్తు 1920 వెడల్పులో 80 పిక్సెళ్లకు తగ్గొద్దు (3840 పేజీలో ఈ అంకెలన్నీ రెట్టింపు). టైటిల్‌కు 160 నుంచి 220. చివరి కార్డులో పేర్లకు 45 నుంచి 50 ఉన్నా సరే, పేరు కోసం చూసేవాళ్లు ఫోన్ తిప్పుతారు. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే సైజు అంకెను నమ్మకండి. ఒకే అంకె పెట్టినా ఒక ఫాంటులో అక్షరం పెద్దగా, మరో ఫాంటులో చిన్నగా వస్తుంది. తెర మీద కొలవండి.

అంచుల నుంచి 5 శాతం లోపలికి ఉండాలి. 1920 × 1080లో పక్కలకు 96, పైనా కిందా 54 పిక్సెళ్లు. స్కోప్ నిష్పత్తి 2.39లో (వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు) తీసిన సినిమా అయితే బొమ్మ ఎత్తు 804 మాత్రమే, పైనా కిందా 138 పిక్సెళ్ల నల్ల పట్టీలుంటాయి. ఆ నల్ల పట్టీల్లో తేదీలు, పేర్లు వేయొద్దు. యూట్యూబ్‌లో బాగానే కనిపిస్తుంది. థియేటర్ కోసం 2048 × 858 కొలతలో డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌కు ఇచ్చే డిజిటల్ ప్రింటు) చేసేటప్పుడు పట్టీలు ఎగిరిపోతాయి, వాటితో మీ అక్షరాలూ పోతాయి.

రెండు పంక్తులుంటే వాటి మధ్య దూరం ఫాంటు సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. పై పంక్తిలో ‘స్త్రీ’, కింది పంక్తిలో ‘కీ’ లాంటి గుడి దీర్ఘం ఎదురెదురుగా పడితే ఇంకా పెంచాలి. కార్డులను నిలువు మధ్యకు తేవడానికి సాఫ్ట్‌వేర్ సెంటర్ బటన్ నొక్కి వదిలేయకండి. ‘కట్ట’కు కింద వత్తుంది, ‘వాన’కు లేదు. బటన్ లెక్కతో ఒక కార్డులో మాట పైకీ, తర్వాతి దాంట్లో కిందికీ ఎగిరినట్టుంటుంది. అన్ని కార్డుల్లోనూ అక్షరాలు కూర్చునే గీత ఒకే ఎత్తులో ఉంచండి, వత్తులు దాని కింద వేలాడనివ్వండి.

8. రంగు, కదలిక, చప్పుడు

నల్ల తెర మీద ఎర్ర అక్షరం థంబ్‌నెయిల్‌లో ఊరిస్తుంది. వీడియోలో వేశాక అంచులు చెదురుతాయి. ఆన్‌లైన్ వీడియో వెలుగును పూర్తి వివరంతో, రంగును పావు వంతు వివరంతో దాచుకుంటుంది. ఎరుపు, నలుపు మధ్య తేడా ఎక్కువగా రంగులోనే ఉంటుంది కాబట్టి దెబ్బ దానికే తగులుతుంది. ఎరుపే కావాలంటే లావు అక్షరాలకు మాత్రమే వాడండి. కార్డులకు తెలుపు మంచిది, అదీ 0 నుంచి 255 దాకా ఉండే వెలుగు కొలతలో 255 కాకుండా 235 దగ్గర. చీకటి హాల్లో నిండు తెలుపు కళ్లలో పొడుస్తుంది.

అక్షరం అక్షరంగా ఎగిరొచ్చే యానిమేషన్లు తెలుగుకు వాడకండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లాంటి ప్రోగ్రాముల్లో ఆ రెడీమేడ్ ఎఫెక్టులు ఒక్క అక్షరాన్నే ముక్కలుగా లెక్కపెడతాయి. ‘ట్ట’లో పై ‘ట’ ఒక దారిన, కింద వత్తు ఇంకో దారిన వస్తుంది. అక్షరాల మధ్య దూరం పెంచే ట్రాకింగ్‌తోనూ వత్తు తన చోటు నుంచి జరుగుతుంది. మాట మొత్తాన్ని ఒక్కటిగా కదిలించండి. కార్డు ఉన్నంతసేపూ 100 శాతం నుంచి 104 శాతానికి మెల్లగా పెరిగితే చాలు. అక్షరాలు విడివిడిగా రావాలనే ఉంటే, ఇంక్‌స్కేప్‌లో వత్తునూ తల్లి అక్షరాన్నీ కలిపి ఒక్కో ఆకారంగా చేసి, వేర్వేరు పీఎన్‌జీలుగా తెచ్చుకోండి.

టైటిల్‌కు ముందు 8 నుంచి 12 ఫ్రేముల పూర్తి నిశ్శబ్దం ఇవ్వండి, తర్వాత వచ్చే దెబ్బకు రెట్టింపు బలం వస్తుంది. ఆ దెబ్బ అక్షరం పూర్తిగా కనిపించే ఫ్రేము మీదో, దానికి ఒక ఫ్రేము ముందో పడాలి, వెనక మాత్రం కాదు. హాల్లో శబ్దం 14 మీటర్లు పోవడానికి దాదాపు ఒక ఫ్రేము పడుతుంది. టైమ్‌లైన్‌లోనే ఆలస్యంగా ఉంటే వెనక వరసల వాళ్లకు అది ఇంకా ఆలస్యమవుతుంది.

9. పేర్ల కార్డు

హాలీవుడ్ ట్రైలర్ల చివర ఇరుకుగా, పొడుగ్గా నొక్కిన అక్షరాల్లో పేర్ల గుంపు వస్తుంది. ఆ పద్ధతి తెలుగు లిపికి నప్పదు. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, పక్కల నుంచి నొక్కితే ‘ప’కూ ‘వ’కూ, ‘మ’కూ ‘య’కూ తేడా పోతుంది. దానికి బదులు రెండు నిలువు వరసలు: ఎడమవైపు పని, కుడివైపు పేరు. పని పేరు పల్చగా, మనిషి పేరు మందంగా.

వరస సాధారణంగా ఇలా: సంగీతం, ఛాయాగ్రహణం, కూర్పు, కళ, పాటలు, సౌండ్ డిజైన్, నిర్మాత, ఆఖరున రచన-దర్శకత్వం. ఏడెనిమిది పేర్లకు మించొద్దు. మిగతా అందరి పేర్లూ, ఊళ్లో ఇల్లు ఇచ్చినవాళ్లతో సహా, యూట్యూబ్ వివరణలో పూర్తిగా రాయండి. సినిమా చివర ఎలాగూ వస్తాయి.

పేరు తప్పు పడితే మనిషి మనసు నొచ్చుకుంటుంది, ఏ సర్దుబాటూ దాన్ని పూర్తిగా మాన్పదు. షూటింగ్ మొదటి రోజే ఒక కాగితం పెట్టి, ప్రతి ఒక్కరి చేతా తన పేరును తెలుగులో, ఇంగ్లిష్‌లో రాయించి సంతకం తీసుకోండి. మహేష్ అనో మహేశ్ అనో, రెడ్డి కలిపి రాయాలో విడిగానో, ఇంటి పేరు ముందుండాలో వద్దో అతనే తేల్చాలి. ట్రైలర్ లాక్ చేసే ముందు ఆ కాగితం పక్కన పెట్టుకుని ఒకరు చదవాలి, ఇంకొకరు తెర చూడాలి.

10. సర్టిఫికెట్, హెచ్చరికలు

థియేటర్‌లో వేసే ట్రైలర్‌కు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండాలి. హైదరాబాద్‌లో బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉంది, దరఖాస్తు ఈ-సినీప్రమాణ్ పోర్టల్ ద్వారా. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం తర్వాత యూఏలో (పెద్దల మార్గదర్శకత్వంతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్) 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. సినిమాకు ఇంకా సర్టిఫికెట్ రాకుండా ట్రైలర్‌లో ‘యూ’ అనో ‘యూఏ’ అనో ముందే వేసుకోవద్దు. సిగరెట్, బీడీ షాట్లను ట్రైలర్‌లోంచి తీసేయండి. ప్రచార సామగ్రిలో పొగాకు వాడకం చూపడాన్ని పొగాకు నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు, పైగా దానికి తోడు వచ్చే హెచ్చరిక మీ కార్డు చోటును తినేస్తుంది.

11. ఎక్స్‌పోర్ట్, పరీక్ష

టైమ్‌లైన్ మొదటి నుంచీ సెకనుకు 24 ఫ్రేముల్లోనే ఉండాలి. 25లోనో 30లోనో కార్డులు కదిలించి చివర్లో థియేటర్ కోసం 24కు మారిస్తే మెల్లగా పెరిగే అక్షరం కుదుపులతో నడుస్తుంది. యూట్యూబ్‌కు 1080లో ఎడిట్ చేసినా 4కేకి పెంచి ఎక్కించడం మేలు, ఎక్కువ బిట్‌రేటు (సెకను వీడియోకు వాడే డేటా) దక్కి అక్షరాల అంచులు శుభ్రంగా ఉంటాయి. 4కే ఫైలుకు సెకనుకు 35 నుంచి 45 మెగాబిట్లు పెట్టండి. నిలువు రీల్ కోసం 1080 × 1920లో కార్డులను కొత్తగా పేర్చాలి, అడ్డ ట్రైలర్‌ను కోసి సరిపెట్టొద్దు. కింద నాలుగో వంతు, కుడి అంచు యాప్ బటన్లు, రాతల కిందకు పోతాయి కాబట్టి అక్షరాలను మధ్య భాగంలోనే ఉంచండి. నిర్మాతకు, పీఆర్వోకు వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే వాళ్లు నలిగిపోయిన అక్షరాలు చూసి మీ పనినే తప్పుబడతారు.

పరీక్ష మూడు చోట్ల. నల్లగొండ గడియారం సెంటర్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, ఫోన్ నిలువుగా పట్టుకుని, శబ్దం లేకుండా చూడండి. అక్కడ చదవగలిగిన కార్డు ఎక్కడైనా చదవొచ్చు. రాత్రి ఇంట్లో టీవీలో పది అడుగుల దూరం నుంచి చూడండి. థియేటర్ ప్రింటు ఉంటే ఉదయం ఆట ముందు హాలు వాళ్లను అడిగి మొదటి వరసలో, చివరి వరసలో కూర్చుని చూడండి. ప్రతి చోటా కథ తెలియని ఒక మనిషిని వెంట పెట్టుకుని, కార్డులను పైకి చదవమనండి. ఎక్కడ తడబడితే అక్కడ 8 ఫ్రేములు పెంచండి.

అంతా ముగిశాక రెండు ఫైళ్లు విడిగా దాచండి. ఒకటి ఏ అక్షరమూ లేని ట్రైలర్ మాస్టర్, రెండోది కార్డులు, టైటిల్ మాత్రమే ఉన్న, వెనక రంగు లేని ప్రోరెస్ 4444 (పారదర్శకతనూ దాచుకునే వీడియో రకం) ఫైలు. విడుదల తేదీ మారినా, హిందీలోకో కన్నడలోకో డబ్బింగ్ అడిగినా, ఓటీటీ వాళ్లు తమ లోగోతో కొత్త ముగింపు కార్డు కావాలన్నా ఈ రెండింటితో గంటలో పని అయిపోతుంది. ఫైలు పేరులోనే తేదీ, కొలత, ‘టెక్స్ట్ ఉంది’ లేదా ‘టెక్స్ట్ లేదు’ అన్నది రాసి, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టండి.